బడికీ ఇంటికీ నడుమ
భిలాయీ కోహ్కాలో తెలుగు కుటుంబాలు – ప్రాథమిక విద్య

భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య 1955 ఫిబ్రవరి 2వ తేదీన కుదిరిన ఒడంబడిక ఫలితంగా భిలాయీ ఉక్కు కర్మాగారం అవతరించింది. అందులోని మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4వ తేదీన నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ కొలిమి వెలుగు చూసి దేశం నలుమూలల నుండి కార్మికులు తరలివచ్చారు. బెంగాలీలు, మలయాళీలు, పంజాబీలు, ఒడియా వారు, మహారాష్ట్రులు వచ్చారు. శ్రీకాకుళం, విశాఖపట్టణం ప్రాంతాల నుండి తెలుగువారు పెద్ద సంఖ్యలో వచ్చారు. భిలాయీని ‘మినీ ఇండియా’ అని పిలవడం అందువల్లనే వాడుకలోకి వచ్చింది.

కర్మాగారం వారి సెక్టర్లకు వెలుపల, సుపేలాకు చేరువలో కోహ్కా వున్నది. ఒకప్పటి ఈ పల్లె నేడు భిలాయీ నగరపాలక సంస్థలో భాగం. ఇటువంటి పేటలలో ఒక పిల్లవాని నాలుకపై మూడు భాషలు ఆడుతుంటాయి. ఇంట్లో అమ్మతో తెలుగు, వీధిలో నేస్తాలతో ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీ. పిల్లవానికి ఇది వరమే. కాని అతని తల్లి ఉత్తరాంధ్ర పల్లె నుండి కొత్తగా కాపురానికి వచ్చినదై, హిందీ అంతంత మాత్రంగా తెలిసినదైతే, బడికీ ఆమెకూ నడుమ ఒక గోడ లేస్తుంది. కంటికి కనబడని ఆ గోడ స్వరూపమేమిటో, దానిని తొలగించే మార్గాలేమిటో పరిశీలించడం అవసరం.

మాట ఒకటి – అర్థం వేరు

హిందీ, తెలుగు భాషలు రెండూ సంస్కృతం నుండి వేలాది పదాలను స్వీకరించాయి. గణితం, విజ్ఞానం, పరీక్ష, పుస్తకం, విద్యార్థి వంటి మాటలు ఉభయ భాషలలోనూ ఒకే అర్థంతో చెల్లుతాయి. హిందీ రాని తెలుగు తల్లికి కూడా బడి మాటలలో సగం అర్థమయ్యే అవకాశం ఇక్కడ వున్నది. అయితే చిక్కు కూడా ఇక్కడే వున్నది. చూపునకు ఒకటిగా వుండి అర్థంలో వేరైపోయిన మాటలు అనేకం. విచిత్రమేమంటే వాటిలో కొన్ని బడి నుండి ఇంటికి వచ్చే చీటీలలోనే తరచుగా కనబడతాయి.

హిందీలో ‘శిక్షా’ అంటే చదువు. తెలుగులో శిక్ష అంటే దండన. హిందీలో ‘కక్షా’ అంటే తరగతి. తెలుగులో కక్ష అంటే పగ. ‘సూచనా’ హిందీలో ప్రకటన, తప్పక తెలుసుకోవలసిన సమాచారం. తెలుగులో సూచన కేవలం సలహా, పాటించినా పాటించకపోయినా ముప్పు లేనిది. మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రాలలో బడి పిల్లల తల్లిదండ్రులను ‘పాలక్’ అంటారు. తెలుగువారికి పాలకుడు అంటే ఏలేవాడు. ‘అవసర్’ అంటే హిందీలో అవకాశం, తెలుగులో అవసరం అక్కర. ‘ప్రబంధన్’ అంటే అక్కడ నిర్వహణ. ఇక్కడ ప్రబంధమనగానే మనుచరిత్ర మనసులో మెదులుతుంది.

ఇప్పుడు ఒక ఇంటిని ఊహించుకోవచ్చు. మూడవ తరగతి చదివే పిల్ల సంచిలో నుండి ఒక చీటీ తీసి చదువుతుంది. ఆ చీటీలో సూచనా, కక్షా, పాలక్, శిక్షా అనే నాలుగు మాటలూ వుంటాయి. పొయ్యి దగ్గర వున్న తల్లి సగం విని, పిల్ల ఏదో తప్పు చేసినందువల్ల పిలుపు వచ్చిందనుకొంటుంది. ‘నాన్న వచ్చాక చెప్పు’ అంటుంది. తండ్రి డ్యూటీ నుండి వచ్చేసరికి పిల్ల నిద్రపోయి వుంటుంది. సమావేశం తేదీ దాటిపోతుంది. బడిలో ఉపాధ్యాయురాలు హాజరు పట్టీ చూసి, ఈ ఇంటివారికి పిల్ల చదువుపై శ్రద్ధ లేదని తలుస్తుంది. తల్లికి శ్రద్ధ వున్నది. ఉపాధ్యాయురాలికి సద్భావం వున్నది. లేనిదల్లా వారిద్దరి మధ్య మాట చేరవేసే సరైన సాధనం.

ఆ సాధనంగా పిల్లనే నియోగించడం అన్నింటికంటె పెద్ద పొరపాటు. ఉపాధ్యాయురాలు హిందీలో చెప్పిన దానిని పిల్ల తల్లికి తెలుగులో చెప్పాలి. తన మీది ఫిర్యాదును తానే అనువదించాలి. ఎనిమిదేళ్ల పిల్ల అందులో చేదును వదలి తీపిని మాత్రమే చెబితే ఆమెను తప్పుపట్టలేము. లెక్కలలో వెనుకబడి వున్నదన్న సంగతి ఆ విధంగా ఏడాది పొడుగునా ఇంటికి చేరకుండా వుండవచ్చు. పైగా పెద్దలకు తెలియనిది తనకు తెలుసునన్న భావం పిల్లలో నాటుకొని, తల్లిపై గౌరవం సడలే ప్రమాదం కూడా లేకపోలేదు.

చట్టం ఏమంటున్నది

కుటుంబానికి సమాచారం ఇవ్వడం బడి చేసే దయ కాదు, దాని విధి. 2009లో పార్లమెంటు ఆమోదించిన బాలల ఉచిత నిర్బంధ విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. ఉపాధ్యాయుల విధులను పేర్కొనే 24వ సెక్షన్‌లో ఒక ముఖ్యమైన అంశం వున్నది. ఉపాధ్యాయుడు తల్లిదండ్రులతో క్రమం తప్పక సమావేశం కావాలి. పిల్లల హాజరు, నేర్చుకొనే శక్తి, చదువులో సాధించిన ప్రగతి మొదలైన విషయాలను వారికి తెలియజేయాలి. తెలియజేయడమంటే చీటీ పంపడం మాత్రమే కాదు, విషయం అవతలివారికి తెలిసేటట్లు చేయడమని గ్రహించాలి.

అదే చట్టంలోని 21వ సెక్షన్ పాఠశాల నిర్వహణ సంఘాలను గూర్చి చెబుతున్నది. ఎయిడ్ పొందని ప్రైవేటు పాఠశాలలు మినహా తక్కిన పాఠశాలలలో ఇవి ఏర్పడాలి. సభ్యులలో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు లేదా సంరక్షకులు కావాలి. సభ్యులలో సగం మంది స్త్రీలు వుండాలి. బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు దామాషా ప్రకారం స్థానం కల్పించాలి. పాఠశాల పనితీరును గమనించడం, అభివృద్ధి ప్రణాళికను తయారుచేసి సిఫారసు చేయడం, వచ్చిన నిధుల వినియోగాన్ని పరిశీలించడం ఈ సంఘం పనులు. నెలకు ఒకసారైనా సమావేశం జరగాలని కేంద్ర నమూనా నియమాలు నిర్దేశించాయి. ఛత్తీస్‌గఢ్‌లో దీనిని ‘శాలా ప్రబంధన్ సమితి’ అంటారు. కొత్తగా వచ్చిన తెలుగు తల్లికి ఈ పేరు అర్థం చెప్పేవారుంటే, అందులో తనకు కూడా చోటు వున్నదని ఆమెకు తెలుస్తుంది.

హక్కుతో పాటు బాధ్యత కూడా వున్నది. 2002 నాటి 86వ రాజ్యాంగ సవరణ ఆరు నుండి పద్నాలుగేళ్ల వయస్సు గల పిల్లలకు విద్యావకాశం కల్పించడాన్ని తల్లిదండ్రుల ప్రాథమిక విధులలో చేర్చింది. ఇక భాష విషయంలో, 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం స్మరణీయం. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన వారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన లభించేందుకు తగిన సౌకర్యాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని అది చెబుతున్నది. ప్రతి పేటలోనూ ప్రతి భాషకూ బడి తెరవడం సులభసాధ్యం కాదు. కాని బోధన హిందీలో జరిగే చోట సైతం ఇంటికి పంపే కబురు ఇంటి భాషలో వుండటం అసాధ్యమేమీ కాదు.

పూర్వానుభవాలు

బడికీ ఇంటికీ వంతెన వేసే యత్నం కొత్తది కాదు. గుజరాత్‌లోని భావనగర్‌లో 1920లో బాలమందిరం స్థాపించిన గిజుభాయి బధేకా పిల్లల కొరకు ఎంత వ్రాశారో, తల్లిదండ్రుల కొరకు కూడా అంత శ్రద్ధతో వ్రాశారు. భిలాయీకి సాంకేతిక సహాయం అందించిన సోవియట్ దేశంలో, ఉక్రెయిన్‌లోని పావ్లిష్ గ్రామ పాఠశాలకు 1948 నుండి 1970 వరకు అధిపతిగా వున్న వసీలి సుహోమ్లిన్‌స్కీ తల్లిదండ్రుల కొరకే ప్రత్యేకంగా ఒక పాఠశాల నడిపారు. జపాన్ ప్రాథమిక పాఠశాలలలో ‘రెన్‌రాకుచో’ అనే చిన్న పుస్తకం పిల్లల సంచిలో బడికీ ఇంటికీ తిరుగుతూ వుంటుంది. ఉపాధ్యాయుడు అందులో నాలుగు మాటలు వ్రాస్తే ఇంటివారు చూసి, తమ మాట వ్రాసి పంపుతారు.

ఇంగ్లండులో 1967లో వెలువడిన ప్లౌడెన్ నివేదిక ప్రతి ప్రాథమిక పాఠశాలా పాటించదగిన కనీస కార్యక్రమం ఒకటి సూచించింది. వాటిలో రెండు అంశాలు కోహ్కా వంటి చోట్లకు ఎంతగానో వర్తిస్తాయి. మొదటిది, బడి చూడటానికి తల్లిదండ్రులను ఆహ్వానించే దినాలు వారు రాగల వేళల్లో వుండాలి. రెండవది, బడికి రాని తల్లిదండ్రులను కలుసుకొనేందుకు ప్రత్యేకంగా కృషి చేయాలి.

మన దేశంలో ఈ దిశగా ఇటీవల చెప్పుకోదగిన అడుగులు పడ్డాయి. 2020 జాతీయ విద్యా విధానం పిల్లల ప్రగతి పత్రాన్ని ఇంటికీ బడికీ మధ్య ముఖ్యమైన లంకెగా పేర్కొన్నది. ఆంధ్రప్రదేశ్ 1998లోనే పాఠశాల విద్యలో ప్రజల భాగస్వామ్యం కొరకు ప్రత్యేక చట్టం చేసింది. 2024 డిసెంబరు 7న ఆ రాష్ట్ర ప్రభుత్వ పాఠశాలలలో ఒకే రోజున తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సమావేశాలు జరిగాయి. అంతకు ముందే, 2024 ఆగస్టు 6న, ఛత్తీస్‌గఢ్ సంకుల స్థాయిలో ఇటువంటి సమావేశాలు నిర్వహించింది. ఇంట్లో పిల్లవానికి చదువుకొనేందుకు ‘మేరా కోనా’, అంటే ‘నా మూల’, అనే చోటు కల్పించడం, ఈ రోజు ఏమి నేర్చుకొన్నావని రోజూ అడగడం వంటి విషయాలు అక్కడ చర్చకు వచ్చాయి. ఒంటిగది ఇల్లైనా ఒక చాప, ఒక గూడు పిల్లవానివి కావడం కష్టం కాదు.

తల్లులను చదువులో భాగస్వాములను చేసేందుకు ఛత్తీస్‌గఢ్ చేపట్టిన మరొక కార్యక్రమం పేరు ‘అంగనా మ శిక్షా’. ఇంటి ముంగిట చదువు అని దాని భావం. చిన్న పిల్లల తల్లులు ఇంట్లోని కూరగాయలతో, గిన్నెలతో లెక్కపెట్టడం, వేరుచేయడం, పోల్చడం నేర్పుతారు. ఎంత చక్కని పేరు! కాని తెలుగులో అంగన అంటే స్త్రీ, శిక్ష అంటే దండన. వివరించి చెప్పేవారు లేకపోతే ఈ మంచి పేరు కూడా తెలుగు చెవికి ఎలా వినిపిస్తుందో ఊహించుకోవచ్చు.

వేళ, పండుగ, పలకరింపు

ఉక్కు కర్మాగారం రాత్రింబగళ్లు నడుస్తుంది. ఎ, బి, సి షిఫ్టుల చొప్పున కార్మికుల నిద్ర, భోజనం, సెలవు మారుతుంటాయి. రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చిన తండ్రి ఉదయం పది గంటల సమావేశానికి రావడం కష్టం. కాంట్రాక్టు పనిలో వున్నవారికి ఒక పూట మానడమంటే ఒక పూట కూలి పోవడమే. కనుక ఒకే సమావేశాన్ని రెండు వేళల్లో ఏర్పాటు చేయడం, తేదీని వారం ముందుగా తెలపడం మేలు.

సంక్రాంతి విషయం మరొకటి. తెలుగు కుటుంబాలు ఆ పండుగకు స్వగ్రామం చేరాలని కోరుకొంటాయి. వారం రోజులు పిల్లలు బడికి రారు. కారణం తెలియని ఉపాధ్యాయునికి అది నిర్లక్ష్యంగా తోస్తుంది. బయలుదేరే ముందు ఇంటివారు ఒక మాట చెబితే, పిల్లవాడు తిరిగి వచ్చాక తప్పిన పాఠాలు చెప్పడం సులభమవుతుంది. అంతేకాదు, భోగి మంటలను గూర్చి, హరిదాసును గూర్చి పిల్లవాడు తరగతిలో చెప్పవచ్చు. ఛత్తీస్‌గఢ్‌లో పుష్య పూర్ణిమనాడు జరిగే ‘ఛేర్‌ఛేరా’లో పిల్లలు ఇంటింటికీ వెళ్లి ధాన్యం అడుగుతారు. ఇంటి ముంగిట బియ్యం పుచ్చుకొనే హరిదాసు కథ విన్న స్థానిక బాలునికి ఆ పోలిక వెంటనే తడుతుంది. పాఠ్యపుస్తకం చెప్పలేని జాతీయ సమైక్యతా పాఠం అది.

చేయదగినవి

ఖర్చు లేకుండా కోహ్కా వంటి ప్రతి పేటలోనూ చేయగల పనులు కొన్ని వున్నాయి. బడి పంపే చీటీ చిన్నచిన్న వాక్యాలలో వుండాలి. ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు అనే మూడు సంగతులు మొదట రావాలి. ‘ఇది ఫిర్యాదు కాదు’ అన్న ఒక్క మాట చేర్చితే ఎందరో తల్లుల భయం తీరుతుంది. చదవడం రానివారికి ఫోనులో మాటగా పంపే సందేశం వ్రాతకంటె మేలు. రెండు భాషలు తెలిసిన ఒక తండ్రినో, తల్లినో, కళాశాలలో చదివే యువతినో ప్రతి తరగతికీ మధ్యవర్తిగా ఎంచుకోవచ్చు. ఆ పని మాత్రం పిల్లలకు అప్పగించరాదు. ఉపాధ్యాయుడు కూడా ‘రండి, కూర్చోండి, మీ అమ్మాయి బాగా చదువుతున్నది’ అనే మూడు తెలుగు మాటలు నేర్చుకొంటే ఆ ఆదరణ తల్లి మరువదు.

ఇంటివారి వంతు కూడా వున్నది. హిందీ రాదన్న సంకోచంతో బడి గడప తొక్కకపోవడం తగదు. పిల్లల నోటుపుస్తకాన్ని చదవలేకపోయినా, దిద్దిన ఎర్ర సిరా గుర్తులను చూసి ప్రశ్నించవచ్చు. భిలాయీలో పుట్టి పెరిగిన తరం పిల్లలలో కొందరికి తెలుగుకంటె హిందీయే సులువు. అట్టివారికి అమ్మమ్మ చెప్పే కథలు తెలుగును నిలుపుతాయి. ఆ కథను పిల్లవాడు మరునాడు తరగతిలో హిందీలో చెబితే అమ్మమ్మ కూడా బడిలో భాగస్వామి అవుతుంది. పిల్లవాడు అనువాదకుడు కావలసింది ఇటువంటి కథలకు, తన మీది ఫిర్యాదులకు కాదు.

కర్మాగారంలో వేర్వేరు చోట్ల నుండి వచ్చిన ముడి ఇనుము, బొగ్గు, సున్నపురాయి కలిసి ఉక్కుకు దారి తీస్తాయి. ఆ కలయిక వాటంతట అవి చేసుకొనేది కాదు. వేడిమి, వేళ, కొలత చూసే మనుషులు కావాలి. బడికీ ఇంటికీ నడుమ కూడా అంతే. చీటీలోని ‘శిక్షా’ అంటే చదువని ఒక పొరుగింటావిడ చెప్పిన నాడు, కొత్త కోడలు చెంగు సర్దుకొని బడివైపు బయలుదేరుతుంది. పిల్ల ఆమె చేయి పట్టుకొని ముందు నడుస్తుంది.