మొక్కకి చలేస్తుందా?

మన కాలేజీలో బోటనీ చదివి, తర్వాత పొట్టకూటి కోసం కంప్యూటర్ల దారి పట్టి, చాలా ఏళ్ళుగా అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో డల్లాస్ పక్కన కాపురముంటున్నవాణ్ణి నేను. సావనీరుకి వ్యాసం పంపమన్నప్పుడు కంప్యూటర్ల గురించి రాస్తాననుకొని ఉంటారు. ఆ విషయాలు నాకంటే మీకే ఎక్కువ తెలుసు. అంచేత ఇక్కడ నేను చదివిన బోటనీ నిజంగా అక్కరకొచ్చిన ఒకే ఒక్క సంగతి రాస్తాను. ప్రతి ఫిబ్రవరిలోనూ తెలిసినవాళ్ళెవరో ఒకరు ఫోను చేసి అడుగుతారు. "ఏవండీ, మా కరివేపాకు చెట్టు ఆకంతా రాల్చేసి ఎండిపోయింది. ఇంక బతకదా?"

నవ్వకండి. కూరలో కరివేపాకని మనం తేలిగ్గా తీసిపారేసే ఆకుకి ఇక్కడ మర్యాద ఎక్కువ. మొక్క ఒకసారి పోతే ఇంకోటి తెచ్చుకోవడమూ అంత సులువు కాదు. నిమ్మ, నారింజ తోటల్ని సర్వనాశనం చేసే ఒక తెగులును మోసుకొచ్చే సిల్లా అనే చిన్న పురుగుకి కరివేపాకంటే మహా ప్రీతి. ఆ తెగులు 2005లో ఫ్లోరిడాలోనూ, 2012లో టెక్సాస్‌లోనూ బయటపడింది. దాంతో కరివేపాకు మొక్కల్ని ఒకచోటి నుంచి మరోచోటికి తరలించడం మీద ఆంక్షలున్నాయి. ఉన్న మొక్కని కాపాడుకోవాలి. కాపాడాలంటే అది చలికి ఎలా చస్తుందో ముందు తెలియాలి.

ఇక్కడ మన భాషతో చిన్న పేచీ ఉంది. పొద్దున్న గడ్డి మీద మెరిసే నీటిబొట్టు మంచు. రోడ్డు కనపడకుండా కమ్మేసేది మంచు. హిమాలయాల మీద ఉన్నదీ మంచే, గ్లాసులో వేసుకునే ముక్క కూడా మంచుముక్కే. మొక్కకి మాత్రం ఇవన్నీ వేర్వేరు. ఆకాశం నుంచి దూదిలా రాలి నేల మీద పరుచుకునే మంచు మొక్కకి దుప్పటి. దాని కింద నేల సున్నా డిగ్రీలకి అటూ ఇటూగా ఉంటుందే తప్ప, పైన గాలి ఎంత చల్లబడినా అంత చల్లబడదు. ప్రాణం తీసేది మొక్క ఒంట్లో కట్టే గడ్డ.

అసలు గడ్డ కట్టకముందే చచ్చే మొక్కలు కూడా ఉన్నాయి. అరటిపండు ఫ్రిజ్‌లో పెడితే తొక్క నల్లబడటం అందరం చూసిందే. ఫ్రిజ్‌లో నీళ్ళు గడ్డకట్టలేదు కదా, మరి పండుకేమయింది? సుమారు 13 డిగ్రీలకంటే చల్లబడితే అరటి కణాల పొరలు పనిచెయ్యడం మానేస్తాయి. కణం చుట్టూ ఉండే పొర చాలామటుకు కొవ్వుతో చేసింది. చలికాలంలో కొబ్బరినూనె సీసాలో పేరుకుపోతుంది, పక్కనే ఉన్న వేరుశనగనూనె పేరుకోదు. రెండూ నూనెలే అయినా వాటిలోని కొవ్వు ఆమ్లాల్లో తేడా ఉంది. ఉష్ణదేశాల మొక్కల పొరలు కాస్త కొబ్బరినూనె తంతు. చలిదేశాల మొక్కలు శరదృతువు రాగానే తమ పొరల్లో కొవ్వుని వేరుశనగనూనె వైపు మార్చుకుంటాయి. కరివేపాకు, మల్లె, అరటి ఆ విద్య పెద్దగా నేర్వలేదు. వాటికి పుట్టింట్లో ఆ అవసరం రాలేదు.

ఇక గడ్డ సంగతి. నీళ్ళు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకడతాయని మనం పరీక్షలో రాస్తాం. పూర్తిగా స్వచ్ఛమైన నీటి తుంపర దాదాపు మైనస్ 40 దాకా కూడా గడ్డకట్టకుండా ఉండగలదు. గడ్డ మొదలవడానికి ఏదో ఒక నలుసు కావాలి. ఆకుల మీద కాపురముండే సూడోమోనాస్ సిరింగే అనే బాక్టీరియా ఆ నలుసు పని చేస్తుంది. దానివల్ల మైనస్ 2 దగ్గరే గడ్డ మొదలవుతుంది. ఆ గుణాన్నిచ్చే జన్యువుని తీసేసిన బాక్టీరియాను 1987లో కాలిఫోర్నియాలో స్ట్రాబెర్రీ మొక్కల మీద చల్లి చూశారు. జన్యువు మార్చిన జీవిని ప్రభుత్వ అనుమతితో ఆరుబయట వదలడం అదే మొదలు. గిట్టనివాళ్ళు వచ్చి మొక్కలు పీకేశారు. అది వేరే కథ.

ఈ గడ్డ కణం లోపల కడితే ఇంక చెప్పేదేం లేదు, ఆ కణం చచ్చినట్టే. మామూలుగా మాత్రం అది మొదట కణాల మధ్య ఖాళీల్లో కడుతుంది. కట్టి, కణంలోని నీళ్ళని బయటికి లాగేసుకుంటుంది. కాబట్టి కణం నిజానికి చచ్చేది దప్పికతో. ఎండకి మాడిన మొక్కా, చలికి మాడిన మొక్కా చూపుకి ఒకేలా ఉండటం అందుకే కాబోలు. చలికి ఓర్చుకునే మొక్క అంటే, లోపల నీళ్ళు తగ్గినా చావకుండా చక్కెరలు పోగేసుకుని, పొరలు మార్చుకుని, ఆ దప్పికకి సిద్ధపడి ఉన్న మొక్క అన్నమాట.

"సిద్ధపడి" అన్న మాట దగ్గర కాస్త ఆగుదాం. ఫలానా మొక్క మైనస్ ఇన్ని డిగ్రీల దాకా ఓరుస్తుంది అని నర్సరీ చీటీల మీద రాస్తారు. అది మనిషి ఎత్తులాగా మారని అంకె కాదు. చలికి అలవాటుపడని రై గడ్డిమొక్క మైనస్ 5 దగ్గర చచ్చిపోతుంది. అదే మొక్క కొన్ని వారాలు మెల్లమెల్లగా చలిని చవిచూశాక సుమారు మైనస్ 30 దాకా నిలుస్తుంది. విత్తనం అదే, పొలం అదే. మన భాషలో దీనికి చక్కని మాట ఉంది, రాటుదేలడం. చెట్లు ముందు పగటి పొద్దు తగ్గడాన్ని కనిపెట్టి పెరుగుదల ఆపుతాయి, తర్వాత అసలు చలి తగిలాక గట్టిపడతాయి. జపాన్‌లో హొక్కైడో విశ్వవిద్యాలయానికి చెందిన అకిరా సకాయ్ చలికాలపు చెట్ల రెమ్మల్ని ముందు నెమ్మదిగా చల్లబరిచి, ఆ తర్వాత మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ముంచినా అవి బతికాయని 1960లో ప్రకటించారు. అవే రెమ్మలు నడివేసవిలో అయితే చిన్నపాటి చలికే పోతాయి. చిక్కేమిటంటే, రాటుదేలడానికి వారాలు పడుతుంది, నాలుగు రోజులు వెచ్చగా ఉంటే ఆ గట్టిదనం కరగడం మొదలవుతుంది.

అమెరికాలో వ్యవసాయ శాఖవారు దేశాన్ని శీతమండలాలుగా విడగొట్టి ఒక పటం వేశారు. మొదటిది 1960లో వచ్చింది, తాజాది 2023లో. ఒక్కో ఏడాదీ అన్నిటికంటే చల్లని రాత్రి ఎంత దిగిందో చూసి, 30 ఏళ్ళకి సగటు కట్టి, 10 ఫారెన్‌హీట్ డిగ్రీలకొక మండలం చొప్పున గీశారు. మా డల్లాస్ 8వ మండలం, అంటే సగటున మైనస్ 12కీ మైనస్ 7కీ మధ్య. మంచి పటమే, నేనూ చూస్తాను. అయితే సగటు అంటేనే దాని కిందకి దిగే ఏళ్ళు కూడా ఉంటాయని మన స్టాటిస్టిక్స్ మాస్టారు చెప్పలేదూ?

2021 ఫిబ్రవరిలో అలాంటి ఏడాది వచ్చింది. నెల మొదట్లో వాతావరణం మెత్తగానే ఉంది. తర్వాత ఉత్తరాది చలి ఒక్కసారిగా కిందికి జారింది. ఫిబ్రవరి 16న డల్లాస్‌లో మైనస్ 19 సెంటీగ్రేడు. 1949 తర్వాత అంత చలి అదే. కరెంటు పోయింది. రాష్ట్రమంతటా దాదాపు 45 లక్షల ఇళ్ళూ దుకాణాలూ చీకట్లో ఉండిపోయాయి. ప్రభుత్వ లెక్క ప్రకారమే 246 మంది చనిపోయారు. మనుషులే పోతున్నప్పుడు మొక్కల మాటేమిటి అంటారా? నిజమే. కానీ ఆ వేసవిలో వీధుల్లో నడుస్తుంటే పాఠమంతా కళ్ళకి కట్టింది. గన్నేరు పొదలు నేలదాకా ఎండిపోయాయి. తాటిజాతి చెట్లు మోడులయ్యాయి. ఈ నేలలోనే పుట్టిన పీకన్ చెట్లు మాత్రం ఏమీ ఎరగనట్టు చిగిర్చాయి. నాలుగైదు అంగుళాల మంచు కింద కప్పడిపోయిన పొట్టి మొక్కలు కొన్ని, పైకి నిలబడ్డ పెద్ద పొదలకంటే బాగా బతికాయి. 2023 పటానికి వాడింది 1991 నుంచి 2020 దాకా లెక్కలు. ఆ ఫిబ్రవరి అందులో లేనే లేదు.

ఇంతకీ మొక్కకి చలేస్తుందా? మనకి వేసినట్టు వెయ్యదు. మన ఒంట్లో వేడి పుడుతుంది, స్వెట్టరు దాన్ని పట్టి ఉంచుతుంది. మొక్కకి అలా పట్టి ఉంచుకోదగ్గ వేడి లేదు. చెట్టు తలకి దుప్పటి చుట్టి, మొదలు దగ్గర తాడుతో మూటకట్టేవాళ్ళని ప్రతి ఏడూ చూస్తాను. ఆ మూటలో వేడి ఎక్కణ్ణుంచి వస్తుంది? నేలలోంచి రావాలి. కాబట్టి దుప్పటి గొడుగులా నేలదాకా దిగాలి, అంచుల మీద ఇటుకలు పెట్టాలి, పొద్దెక్కి ఎండ వచ్చాక తీసెయ్యాలి. ప్లాస్టిక్ అయితే ఆకుకి తగలకూడదు. లోపల చిన్న బల్బు పెట్టేవారు పాతకాలపు వేడెక్కే బల్బే పెట్టాలి. ఎల్‌ఇడి దీపం వెలుగిస్తుంది గానీ వేడి ఇవ్వదు.

మబ్బులేని, గాలిలేని రాత్రి మరీ ప్రమాదం. నేల తన వేడిని నేరుగా ఆకాశంలోకి వదిలేస్తుంది. గాలి 2 డిగ్రీలున్నా ఆకు సున్నా కిందకి దిగుతుంది. మన చింతపల్లి ప్రాంతంలో లంబసింగి వెళ్ళినవాళ్ళకి ఆ తెల్లవారుజాము గడ్డి ఎలా ఉంటుందో తెలుసు. అటువంటి చలి రాబోతోందంటే ముందురోజు నేల తడపండి. తడి నేల పగటి వేడిని పొడి నేలకంటే ఎక్కువ దాచుకుంటుంది, పైగా మొక్క దాహంతో ఉండదు. నారింజ తోటల వాళ్ళయితే రాత్రంతా చెట్ల మీద నీళ్ళు చిమ్ముతారు. వినడానికి పిచ్చిగా ఉంటుంది. కానీ ఒక గ్రాము నీరు గడ్డకడుతూ 80 కాలరీల వేడి వదులుతుందని ఫిజిక్సులో చదువుకున్నదే కదా! నీళ్ళు పడుతున్నంతసేపూ కొమ్మ సున్నా దగ్గరే నిలుస్తుంది. మధ్యలో పంపు ఆగిందా, ఏమీ చెయ్యకపోయినదానికంటే అధ్వాన్నం.

నీళ్ళన్నాను గదా అని కాలమంతా పొయ్యకండి. ఇక్కడి నేల అచ్చం మన గుంటూరు నల్లరేగడి, వేసవిలో నెర్రెలిచ్చి, వానకి అంటుకుపోతుంది. చలికాలంలో అందులో నీరు నిలిస్తే వేళ్ళు కుళ్ళుతాయి. చలికి పోయిందని మనం ఏడ్చే మొక్కల్లో చాలా వాటిని చంపింది వేళ్ళ దగ్గరి నీరేనని నా నమ్మకం. మొదట్లో ఎండుటాకులు మూడు నాలుగు అంగుళాల మందాన పరిస్తే చాలు. వేసవి చివర నుంచి నత్రజని ఎరువు ఆపెయ్యాలి. లేకపోతే లేత చిగుళ్ళు వేస్తూనే ఉంటుంది, రాటుదేలదు.

కరివేపాకుని మాత్రం ఇవేవీ నమ్మి బయట వదలొద్దు. కుండీలోనే పెంచి, రాత్రులు 10 డిగ్రీలకి దిగుతున్నప్పుడే లోపలికి తెచ్చి, దక్షిణపు కిటికీ దగ్గర పెట్టాలి. హీటరు గాలి నేరుగా తగలకూడదు. మట్టి పైన రెండంగుళాలు ఆరాకే నీళ్ళు. ఆకులు రాలుస్తుంది, రాల్చనివ్వండి. అది చావు కాదు, నిద్ర. ఆకుల్లేని మొక్క నీళ్ళు తాగదు, కాబట్టి జాలిపడి రోజూ పోస్తే అప్పుడు నిజంగానే చస్తుంది.

ఫోను చేసినవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. గోటితో బెరడు కాస్త గీకి చూడండి. కింద పచ్చగా ఉంటే బతికున్నట్టు. గోధుమరంగు ఉంటే ఇంకొంచెం కింద గీకండి. కొమ్మలు అప్పుడే నరకొద్దు, ఏప్రిల్ దాకా ఆగండి. దానిమ్మ, కరివేపాకు లాంటివి పైనంతా పోయినా వేరు నుంచి మళ్ళీ లేస్తాయి. అంటు కట్టిన నిమ్మ, నారింజ దగ్గర మాత్రం జాగ్రత్త. ఇక్కడ వాటిని చలికి బాగా ఓర్చే ముల్లునారింజ వేరు మీద అంటు కడతారు. పై చెట్టు చచ్చి, కింద నుంచి మారేడులా మూడేసి ఆకుల ముళ్ళ రెమ్మ వచ్చిందంటే అది మీ నిమ్మచెట్టు కాదు, దాని వేరు.