కారకోరం: ఒక కనుమ పేరు పర్వతశ్రేణికి ఎలా అంటుకుంది?

2016 ఫిబ్రవరిలో సియాచిన్‌లో మంచు చరియలు విరిగిపడి పదిమంది భారత సైనికులు చనిపోయారు. వారిలో ఒకరిది కర్నూలు జిల్లా. అలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ మనం రాసేది, చదివేది ఒకటే మాట: 'హిమాలయాల్లో దుర్ఘటన'. కానీ సియాచిన్ హిమాలయాల్లో లేదు. హిమాలయాలు దాటి, సింధు నది దాటి, లద్దాఖ్ శ్రేణి కూడా దాటిన తర్వాత మొదలయ్యే కారకోరం పర్వతాల్లో ఉంది. ఇది భూగోళం మాస్టారు దిద్దే చిన్న తప్పులా అనిపించవచ్చు. అయితే ఈ ప్రాంతంలో ఏ కొండను ఏ పేరుతో పిలుస్తున్నాం, ఆ పేరు ఎక్కడి నుంచి ఎక్కడి వరకు వర్తిస్తుందన్నది సరిహద్దు తగాదాలోనే భాగం.

ముందు పేరు సంగతి చూద్దాం. తుర్కిక్ భాషల్లో 'కర' అంటే నలుపు, 'కోరుం' అంటే రాళ్లూరప్పలు పరుచుకున్న నేల. ధ్రువాల బయట అత్యధికంగా హిమానీనదాలున్న ఈ తెల్లటి పర్వతాలకు నల్లరాళ్ల పేరేమిటి? ఎందుకంటే అది అసలు పర్వతాల పేరు కాదు. లేహ్ నుంచి యార్కంద్‌కు గుర్రాల మీద సరుకు తోలుకెళ్లిన వర్తకులు దారిలో ఒక కనుమకు పెట్టుకున్న పేరు. 5,540 మీటర్ల ఎత్తున్న కారకోరం కనుమ దగ్గర మంచుకంటే బోడి రాతినేలే ఎక్కువ. ఆ బాటసారులకు కావలసింది దాటే చోటు. చుట్టూ ఉన్న శిఖరాలతో వారికి పనిలేదు.

19వ శతాబ్దంలో వచ్చిన యూరోపియన్ యాత్రికులు, సర్వేయర్లు కనుమ పేరును శ్రేణి మొత్తానికీ సాగదీశారు. దానికి పోటీగా 'ముజ్‌తాగ్' అనే మరో తుర్కిక్ మాట కూడా చాలాకాలం వాడుకలో ఉంది. దానికి అర్థం 'మంచుకొండ'. నన్నడిగితే ఈ పర్వతాలకు అదే సరైన పేరు. కానీ 1930ల చివర్లో కెన్నెత్ మేసన్ తదితరులు కూర్చుని పేర్లు ఖరారు చేసినప్పుడు శ్రేణికి 'కారకోరం' నిలిచింది. బల్తోరో ముజ్‌తాగ్, సియాచిన్ ముజ్‌తాగ్ అంటూ 'ముజ్‌తాగ్' ఉపశ్రేణుల పేర్లలో మిగిలింది.

ఇక కే2. 1856లో సర్వేయర్ థామస్ మాంట్‌గొమరీ కశ్మీర్‌లోని హరముఖ్ కొండెక్కి, రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో కనిపించిన రెండు శిఖరాలను కాగితం మీద గీసి కే1, కే2 అని గుర్తులు పెట్టుకున్నాడు. 'కే' అంటే కారకోరం. తర్వాత స్థానికుల పేరు తెలిస్తే గుర్తు తీసేసి ఆ పేరు రాయాలన్నది పద్ధతి. కే1 అలాగే మషేర్‌బ్రుమ్ అయింది. కే2 మాత్రం ఆ దారిలో చివరి ఊరైన అస్కోలేకు కూడా కనిపించదు. కనిపించని కొండకు ఊరివాళ్లు పేరెందుకు పెడతారు? బల్తీ భాషలో 'పెద్ద కొండ' అనే అర్థమొచ్చే 'ఛోగోరి' అనే పేరు చెబుతారు. చైనా అధికారికంగా వాడేది కూడా దాని రూపాంతరమే. అయితే అది బయటివాళ్లు అడిగితే పుట్టిన జవాబని అనుమానించేవారున్నారు. బల్తీ కూలీలు దాన్ని 'కేటూ' అనే పిలవడం అలవాటు చేసుకున్నారు. సర్వే గుర్తే ఊరి పేరైపోయిందన్నమాట.

మన పోటీ పరీక్షల పుస్తకాల్లో ఇప్పటికీ కనిపించే 'గాడ్విన్ ఆస్టిన్' మాటేమిటి? ఆయన 1861లో బల్తోరో ప్రాంతాన్ని సర్వే చేసిన అధికారి. శిఖరానికి ఆయన పేరు పెట్టాలని ప్రతిపాదన వచ్చింది గానీ, లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ దాన్ని ఆమోదించలేదు. శిఖరం కింద ఉన్న హిమానీనదానికి మాత్రం ఆ పేరుంది. పర్వతారోహకులెవరూ వాడని పేరును మన అభ్యర్థులు బట్టీపడుతున్నారు.

పేర్లు ప్రాణాల మీదకు వచ్చింది 1949 తర్వాత. ఆ ఏడాది జూలైలో కరాచీలో భారత్, పాకిస్తాన్ కాల్పుల విరమణ రేఖను ఎన్‌జే9842 అనే బిందువు దాకా గీసి, అక్కడి నుంచి ఉత్తరంగా హిమానీనదాల వైపు వెళ్తుందని రాసి వదిలేశాయి. ఏ హిమానీనదాలో పేర్లు రాయలేదు. అంత ఎత్తులో మనుషులు కాపలా కాస్తారని అప్పుడెవరూ ఊహించలేదు. 1963లో పాకిస్తాన్, చైనా చేసుకున్న ఒప్పందం తమ సరిహద్దును తూర్పున కారకోరం కనుమ దగ్గర ముగించింది. భారత్ ఆ ఒప్పందాన్ని గుర్తించలేదు. ఆ తర్వాత కొన్ని అమెరికన్ పటాల్లో ఎన్‌జే9842 నుంచి నేరుగా కారకోరం కనుమకు గీత కనిపించసాగింది. 'ఉత్తరంగా' అన్న మాట ఈశాన్యానికి తిరిగింది, సియాచిన్ మొత్తం పాకిస్తాన్ వైపు పడింది. నీటివాలు ప్రకారం రేఖ సాల్తోరో శిఖరాల మీదుగా పోవాలన్నది భారత్ వాదన. 1984 ఏప్రిల్ 13న 'ఆపరేషన్ మేఘదూత్'తో సైన్యం అక్కడికి చేరింది. అప్పటి నుంచి అక్కడ తూటాలకంటే చలికి, చరియలకు, గాలిలో ఆక్సిజన్ చాలకపోవడానికి బలైనవారే ఎక్కువ. మనం 'సియాచిన్' అంటున్న కీలక స్థావరాలు నిజానికి హిమానీనదానికి పడమరనున్న సాల్తోరో గట్టు మీదున్నాయి. బల్తీలో సియాచిన్ అంటే అడవి గులాబీలు విస్తారంగా ఉన్న చోటు.

గందరగోళం ఇంకా ఉంది. పాకిస్తాన్‌ను చైనాతో కలిపే కారకోరం హైవే కారకోరం కనుమ మీదుగా వెళ్లదు. అది దాటేది ఎంతో పడమరనున్న ఖుంజేరాబ్ కనుమను. చెంగిజ్ ఖాన్ కొడుకు ఒగొదేయి రాజధాని కారకోరం మంగోలియాలోని మరో ఊరు.

అసలు కనుమకు కాస్త దక్షిణంగా, భారత్ వైపున దౌలత్ బేగ్ ఓల్దీ ఉంది. 2013 ఆగస్టులో వాయుసేన సీ-130జే విమానాన్ని దించిన ఎయిర్‌స్ట్రిప్ అదే. ఆ పేరూ యార్కంద్ వర్తకులిచ్చిందే: దౌలత్ బేగ్ చనిపోయిన చోటు.