ల్యాగ్ అంటే ఒక్కటే కాదు: గేమింగ్ కోసం ఫోన్ మార్చే ముందు ఈ నాలుగూ చెక్ చేయండి

ఎనిమీ ఎదురుగా ఉన్నాడు. మనమే ముందు కాల్చాం. అయినా మనమే చచ్చాం. అప్పుడు నోట్లోంచి వచ్చే మొదటి మాట "ల్యాగ్ రా బాబూ". రెండో మాట "ఈ ఫోన్ మార్చేయాలి".

నేను ఆ రెండో మాట అని ఊరుకోలేదు, నిజంగానే మార్చేశా. 32 వేల ఫోన్, తొమ్మిది నెలల ఈఎంఐ. 120 హెర్ట్జ్ డిస్‌ప్లే, మంచి ప్రాసెసర్, బెంచ్‌మార్క్ స్కోర్ చూస్తే కళ్లు తిరుగుతాయి. కూకట్‌పల్లిలో ముగ్గురం కలిసి ఉండే రూమ్‌లో, రాత్రి పదిన్నరకి ఆఫీస్ కాల్స్ అయిపోయాక, కొత్త ఫోన్‌లో బీజీఎంఐ ఓపెన్ చేశా. రెండో మ్యాచ్‌లోనే మళ్లీ అదే సీన్. ముందు కాల్చింది నేను, చచ్చింది నేను.

పాత ఫోన్ తెనాలిలో ఉన్న మా తమ్ముడికి ఇచ్చేశా. వారం తర్వాత వాడు ఫోన్ చేసి "అన్నయ్యా, ఇది బాగానే ఆడుతోంది కదా, ఎందుకు మార్చావ్?" అన్నాడు. అప్పుడు కానీ నేను కూర్చుని అసలు ల్యాగ్ ఎక్కడ ఉందో వెతకలేదు. రోజంతా ఆఫీసులో బగ్ ఎక్కడుందో వెతికే ఉద్యోగం చేస్తూ, సొంత డబ్బు ఖర్చు పెట్టేటప్పుడు ఆ పని చేయకపోవడం నా తప్పే.

విషయం ఏంటంటే, మనం ల్యాగ్ అని పిలిచేది ఒక సమస్య కాదు. కనీసం నాలుగు వేర్వేరు సమస్యలకి ఒకటే పేరు. ఫోన్ మారిస్తే వాటిలో కొన్నే పోతాయి.

1. ఫ్రేమ్ రేట్ తక్కువగా ఉండటం

60 ఎఫ్‌పీఎస్ అంటే ఒక్కో ఫ్రేమ్‌కి 16.7 మిల్లీసెకన్లు. 90 అయితే 11.1, 120 అయితే 8.3. ఆ టైమ్‌లోపు ప్రాసెసర్ బొమ్మ గీసి ఇవ్వలేకపోతే ఆట మొదటి నిమిషం నుంచే బరువుగా, ముద్దగా అనిపిస్తుంది. దీని గుర్తు అదే: ఎప్పుడూ ఒకేలా స్లోగా ఉంటుంది.

ఇక్కడ చాలామంది పడే పొరపాటు ఒకటుంది. 120 హెర్ట్జ్ డిస్‌ప్లే ఉంటే గేమ్ 120 ఎఫ్‌పీఎస్‌లో ఆడుతుందని కాదు. హెర్ట్జ్ స్క్రీన్ లెక్క, ఎఫ్‌పీఎస్ గేమ్ లెక్క. మీ ఫోన్ మోడల్‌కి గేమ్ 90 ఆప్షన్ ఇవ్వకపోతే స్క్రీన్ ఎంత స్పీడ్‌దైనా మీకు కనిపించేది 60 ఫ్రేములే. డెవలపర్ ఆప్షన్స్‌లో రిఫ్రెష్ రేట్ చూపించే సెట్టింగ్ కూడా స్క్రీన్ లెక్కే చెబుతుంది. గేమ్ లెక్క కావాలంటే ఫోన్ గేమింగ్ మోడ్‌లో ఉండే ఎఫ్‌పీఎస్ మీటర్ చూడాలి.

2. వేడి

మొదటి పావుగంట సూపర్, ఆ తర్వాత కుదుపులు. ఇది వేడి వల్ల వచ్చే ల్యాగ్. చాలా ఫోన్లలో ఫ్యాన్ ఉండదు కాబట్టి, ఒక హద్దు దాటి వేడెక్కితే ప్రాసెసర్ తన స్పీడ్ తానే తగ్గించుకుంటుంది. మే నెలలో విజయవాడలో ఏసీ లేని గదిలో ఆడితే ఇది ఇంకా త్వరగా వస్తుంది. ఫోన్ తన వేడిని వదలాల్సింది గదిలో గాలిలోకే, ఆ గాలే వేడిగా ఉంటే ఎక్కడికి పోతుంది?

ఇలాంటప్పుడు సగటు ఎఫ్‌పీఎస్ చూసి మోసపోవద్దు. ఒక సెకనులో ఒక ఫ్రేమ్ 100 మిల్లీసెకన్లు ఆగిపోయి, మిగతా టైమంతా 60 లెక్కన బాగానే నడిచిందనుకుందాం. ఆ సెకనులో మొత్తం 55 ఫ్రేములు వస్తాయి. మీటర్‌లో 55 అంటే బాగుందనిపిస్తుంది. కానీ ఆ ఒక్క కుదుపు సరిగ్గా మీరు గురిపెట్టినప్పుడు వస్తే మ్యాచ్ అయిపోయినట్టే.

దీన్ని పరీక్షించడానికి నేను వాడేది త్రీడీమార్క్ యాప్‌లో వైల్డ్ లైఫ్ స్ట్రెస్ టెస్ట్. ఒక్కో నిమిషం చొప్పున 20 సార్లు నడిపి, బెస్ట్ స్కోర్‌తో పోలిస్తే అతి తక్కువ స్కోర్ ఎంత ఉందో శాతంలో చెబుతుంది. నా వరకు, రివ్యూల్లో ఒక్కసారి నడిపిన బెంచ్‌మార్క్ స్కోర్ కంటే ఈ శాతమే ముఖ్యం. వంద మీటర్లు పరిగెత్తేవాడు వేరు, గంటసేపు పరిగెత్తేవాడు వేరు.

ఖర్చు లేని చిట్కాలు: ఆడేటప్పుడు బ్యాక్ కేస్ తీసేయండి, చార్జింగ్ పెట్టి ఆడకండి. మీ ఫోన్‌లో బైపాస్ చార్జింగ్ ఉంటే వాడండి. అందులో కరెంట్ బ్యాటరీని నింపకుండా నేరుగా ఫోన్‌కి వెళ్తుంది, కాబట్టి వేడి తగ్గుతుంది.

3. నెట్‌వర్క్

నా సమస్య ఇదే. బొమ్మ నున్నగా కదులుతుంది, కానీ ఎదుటివాడు ఉన్నట్టుండి వేరే చోట ప్రత్యక్షమవుతాడు, తగిలిన బుల్లెట్లు లెక్కలోకి రావు. ఇలా ఉంటే లక్ష రూపాయల ఫోన్ కొన్నా ఉపయోగం లేదు.

"మాది 200 ఎంబీపీఎస్ కనెక్షన్" అని నేనూ గొప్పగా చెప్పుకునేవాణ్ణి. ఆన్‌లైన్ గేమ్ ఆడేటప్పుడు వెళ్లే డేటా చాలా తక్కువ. కావాల్సింది అది త్వరగా వెళ్లి రావడం, అంటే పింగ్. అది కూడా నిలకడగా ఉండాలి. ఎప్పుడూ 60 మిల్లీసెకన్లు ఉంటే చేతికి అలవాటైపోతుంది. 30 నుంచి 200కి ఎగిరి పడుతుంటే ఎవరూ ఆడలేరు.

మా రౌటర్ రెండు వైఫైలు ఇస్తుంది: 2.4 గిగాహెర్ట్జ్ ఒకటి, 5 గిగాహెర్ట్జ్ ఒకటి. రూమ్‌లో దిగిన మొదటి రోజు నేను కనెక్ట్ అయ్యింది 2.4కి. కొత్త ఫోన్‌లో కూడా అలవాటుగా అదే పేరు నొక్కా. 2.4లో ఒకదానికొకటి అడ్డు రాని చానళ్లు మూడే. మా అపార్ట్‌మెంట్‌లో ప్రతి ఫ్లాట్‌కీ ఒక రౌటర్. పైగా బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ కూడా అదే బ్యాండ్‌లో ఉంటాయి. రాత్రి పదిన్నరకి అందరూ ఇంట్లోనే, అందరూ వీడియోలే. 5 గిగాహెర్ట్జ్ గోడలు దాటడంలో వీక్, కానీ మాది ఒకే గది. మార్చిన రాత్రే పింగ్ ఎగరడం ఆగిపోయింది. అయిన ఖర్చు సున్నా.

ఒక్క విషయం మాత్రం ఎవరూ మార్చలేరు: దూరం. ఫైబర్‌లో సిగ్నల్ సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. డల్లాస్ నుంచి హైదరాబాద్ సుమారు 14 వేల కిలోమీటర్లు. తిన్నగా కేబుల్ వేసినా వెళ్లి రావడానికే 140 మిల్లీసెకన్లు. అక్కడున్న మా కజిన్ మాతో ఇండియా సర్వర్‌లో ఆడితే ఓడిపోవడంలో వాడి తప్పేం లేదు.

4. టచ్, సౌండ్

టచ్ శాంప్లింగ్ 240 హెర్ట్జ్ అంటే స్క్రీన్ మీ వేలిని 4.2 మిల్లీసెకన్లకోసారి చూస్తుంది, 480 అయితే 2.1కోసారి. తేడా 2 మిల్లీసెకన్లు. పింగ్ 60 ఉన్నచోట దీనికోసం నేనైతే ఐదు వేలు ఎక్కువ పెట్టను.

బ్లూటూత్ ఇయర్‌బడ్స్ సంగతి వేరు. వాటిలో సౌండ్ 100 మిల్లీసెకన్లు దాటి ఆలస్యం కావడం మామూలే. అడుగుల చప్పుడు మీకు వినిపించేసరికి వాడు గదిలోకి వచ్చేసి ఉంటాడు. వైర్డ్ ఇయర్‌ఫోన్స్‌తో ఒకసారి ఆడి చూడండి.

ఇలా పరీక్షించండి

ఫోన్ చల్లగా ఉన్నప్పుడు, కేస్ తీసి, వైర్డ్ ఇయర్‌ఫోన్స్ పెట్టి, ఎఫ్‌పీఎస్ మీటర్ ఆన్ చేసి ఆడండి. మొదటి నుంచే ఎఫ్‌పీఎస్ తక్కువైతే ప్రాసెసర్ లేదా గ్రాఫిక్స్ సెట్టింగ్స్. మొదట బాగుండి, ఎప్పుడూ ఆడేంతసేపు ఆడాక పడిపోతే వేడి. ఎఫ్‌పీఎస్ బాగానే ఉండి పింగ్ ఎగురుతుంటే, వైఫై ఆపి మొబైల్ డేటాతో ఇంకో మ్యాచ్ ఆడండి. అప్పుడు బాగుంటే దోషం మీ వైఫైది.

సెట్టింగ్స్ తగ్గించినా, చల్లగా ఉంచినా 60 కూడా నిలబడకపోతే అప్పుడు ఫోన్ మార్చండి, అందులో తప్పు లేదు. కొత్తది ఎంచుకునేటప్పుడు కూడా స్ట్రెస్ టెస్ట్ శాతం చూసే కొనండి.

నాకింకా నాలుగు ఈఎంఐలు ఉన్నాయి. తమ్ముడు మాత్రం పాత ఫోన్‌లోనే హాయిగా ఆడుతున్నాడు. మొన్న స్క్వాడ్‌లో నాకంటే రెండు కిల్స్ ఎక్కువే కొట్టాడు కూడా.