పేపర్లున్నాయి సరే, తుంటి ఎలా ఉంది?

*వేలకు వేలు పోసి జాతి కుక్కను కొంటున్నాం. దాని వంశంలోని జబ్బుల సంగతి మాత్రం అమ్మేవారు చెప్పరు, కొనేవారు అడగరు.*

మేళ్లచెరువు శంభులింగేశ్వర స్వామి జాతరలో శివరాత్రికి ఎడ్ల బండలాగుడు పోటీలు జరుగుతాయి. అక్కడ మంచి గిత్త కనబడితే రైతు ధరకంటే ముందు పుట్టుక అడుగుతాడు. ఏ ఆవు ఈనింది, తండ్రి ఎవరి దొడ్లోది, దానికి పుట్టిన మిగతా దూడలు ఎట్లా నిలిచాయి? పళ్లు చూస్తాడు, సుడులు చూస్తాడు, నడిపించి మరీ చూస్తాడు. అదే రైతు కొడుకు కోదాడలోనో సూర్యాపేటలోనో లాబ్రడార్ పిల్లను కొనేటప్పుడు వాట్సాప్‌లో ఫొటో చూసి ఫోన్‌పే కొట్టేస్తున్నాడు. మధ్యలో అడిగేది ఒకే ఒక్క మాట: “అన్నా, పేపర్లున్నయా?”

ఉండొచ్చు కూడా. చెన్నైలోని కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే ఆ పత్రంలో తల్లిదండ్రులు, తాతముత్తాతల పేర్లుంటాయి, రిజిస్ట్రేషన్ నంబర్లుంటాయి. పోటీల్లో గెలిచినవాటి పేరు ముందు చాంపియన్ అని ఉంటుంది. ఆ చాంపియన్ తాత తుంటి అరిగి కూలబడిందా, నాయనమ్మకు నాలుగేళ్లకే చూపు పోయిందా అన్నది మాత్రం అందులో కనిపించదు. అది వంశావళి. ఆరోగ్యానికి హామీ ఇచ్చే కాగితం వేరే ఉండాలి, దాన్ని అడిగేవారు లేరు.

తుంటి జబ్బునే తీసుకుందాం. తొడ ఎముక పైనున్న గుండు తుంటి గిన్నెలో బిగుతుగా కూర్చోవాలి. కొన్ని కుక్కల్లో గిన్నె లోతు చాలదు, గుండు వదులుగా కదులుతుంది, కీలు అరుగుతుంది. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, రాట్‌వీలర్ లాంటి పెద్ద జాతుల్లో ఇది బాగా కనిపిస్తుంది. ఏడెనిమిది నెలల పిల్ల పరుగెత్తేటప్పుడు వెనక కాళ్లు రెండూ ఒకేసారి ఎత్తి గెంతుతుంది. కూర్చుంటే లేవడానికి తంటాలు పడుతుంది. మెట్ల దగ్గర ఆగిపోతుంది. అమ్మినాయనకు ఫోన్ చేస్తే జవాబు సిద్ధంగా ఉంటుంది: “కాల్షియం తక్కువైంది సార్, సిరప్ పోయండి. టైల్స్ మీద తిప్పిండ్రా?”

నున్నటి బండలూ, మితిమీరిన తిండీ ఈ జబ్బును ముదరబెట్టే మాట నిజమే. పునాది మాత్రం రక్తంలోనే ఉంది. పైగా పెద్ద జాతి పిల్లకు ఇష్టమొచ్చినట్టు కాల్షియం పోస్తే ఎముకల ఎదుగుదల ఇంకా దెబ్బతింటుంది. అమెరికాలో ఈ తుంటి ఎక్స్‌రేలను పరీక్షించి గ్రేడు ఇవ్వడానికి 1966లోనే ఒక సంస్థ పెట్టుకున్నారు. రెండేళ్లు నిండని కుక్కకు అది తుది సర్టిఫికెట్ ఇవ్వదు. అంటే రెండు నెలల పిల్ల తుంటికి ఎవరూ భరోసా ఇవ్వలేరు, చూడాల్సింది తల్లిదండ్రుల ఎక్స్‌రేలే. అవి బాగున్నా ఒక్కోసారి పిల్లకు జబ్బు వస్తుంది, ఎందుకంటే దీని వెనక ఉన్నది ఒక్క జన్యువు కాదు. “మా పిల్లలకు ఏ ప్రాబ్లమూ రాదు, గ్యారంటీ” అనే పెంపకందారును నేనైతే అక్కడికక్కడే అనుమానిస్తాను.

కంటి జబ్బు లెక్క ఇంకొంచెం సూటిగా ఉంటుంది. లాబ్రడార్లలో రెటీనా క్రమంగా చచ్చుబడే జబ్బు ఒకటుంది. మొదట మసక చీకట్లో తడుముకుంటుంది, తర్వాత పగలూ చూపు పోతుంది. మందు లేదు. తల్లీ తండ్రీ ఇద్దరూ పైకి ఆరోగ్యంగానే ఉంటూ లోపభూయిష్టమైన జన్యువును చెరొకటి మోస్తుంటే, పుట్టే ప్రతి పిల్లకూ నాలుగింట ఒక వంతు ముప్పు. చెంప లోపల దూదిపుల్లతో తీసిన నమూనాతో డీఎన్‌ఏ పరీక్ష చేస్తే ఇది తేలిపోతుంది. జన్యువు మోసే కుక్కను, మోయని దానితో కలిపితే ఒక్క పిల్లకూ ఆ జబ్బు రాదు. ఇంత తేలికైన పరీక్ష చేయించకపోవడాన్ని అమాయకత్వం అనుకోలేం.

దగ్గరి రక్తాల్లో ఈ దాగిన జన్యువులు ఒకదానికొకటి ఎదురుపడతాయి. మేనరికమా అని డాక్టర్లు మనల్ని అడిగేది ఇందుకే. 2008లో లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు బ్రిటన్ కుక్కల వంశావళులు తిరగేశారు. దాదాపు 10,000 పగ్‌లలో ఉన్న జన్యు వైవిధ్యం 50 కుక్కల మందతో సమానమని తేలింది. విదేశీ జాతులకే ఈ పీడ అనుకోవద్దు. మన రాజపాళయం జాతిలో తెల్లదనం కోసం పడ్డ పాకులాటతో పాటే పుట్టు చెవుడూ వచ్చింది.

పగ్ అంటే మన దగ్గర చాలామందికి ఇప్పటికీ ‘హచ్ కుక్క’. 2003 నాటి టీవీ ప్రకటనలో పిల్లాడి వెంట గునగునా నడిచి ఇంటింటికీ చేరింది. కుక్క రొప్పితేనే ఒంట్లో వేడి దిగుతుంది. పగ్ మూతిని తరతరాలుగా పొట్టి చేశాం. ఎముక తగ్గినంతగా లోపలి కండ తగ్గలేదు. అంగిలి వెనకున్న మెత్తని భాగం గాలిదారికి అడ్డం పడుతుంది. ముక్కు దగ్గర చూడండి, గుండ్రంగా తెరిచి ఉండాల్సిన చోట సన్నటి నిలువు గీత కనబడుతుంది. ఆ గురకను ముద్దుగా వీడియోలు తీస్తాం. గాలి చాలకే అది అంత చప్పుడు చేస్తోంది. ఇక మిర్యాలగూడ మే ఎండలో దాని గతి చెప్పక్కర్లేదు. బ్రిటన్‌లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం తయారుచేసిన పద్ధతిలో పశువైద్యులు ఈ కుక్కను మూడు నిమిషాలు దుడుకు నడక నడిపించి, ముందూ తర్వాతా ఊపిరి విని గ్రేడు ఇస్తారు.

నిజం తెలిశాక కూడా ఒప్పుకోవడం ఎంత కష్టమో డాల్మేషియన్ కథ చెబుతుంది. ఆ జాతి మొత్తానికీ మూత్రంలో యూరిక్ యాసిడ్ ఎక్కువ, రాళ్ల బెడద. 1973లో రాబర్ట్ షైబుల్ అనే అమెరికా జన్యు శాస్త్రవేత్త ఒక్కసారి పాయింటర్ జాతితో కలిపి, ఆ సంతతిని మళ్లీ మళ్లీ డాల్మేషియన్లతోనే కలుపుతూ వచ్చాడు. చుక్కలు అవే, రూపం అదే, లోపం పోయింది. 1981లో రెండు కుక్కలను నమోదు చేసుకున్న అమెరికన్ కెన్నెల్ క్లబ్, జాతి శుద్ధి చెడుతుందని పెంపకందార్లు గోల చేయడంతో వెనక్కి తగ్గింది. మళ్లీ తలుపు తీసింది 2011లో. ముప్పై ఏళ్లు!

మన దేశంలో 2017 నుంచి కుక్కల పెంపకం, అమ్మకాల నిబంధనలున్నాయి. పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదు కావాలి. 18 నెలలు నిండని ఆడకుక్కను దాటించకూడదు, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. “నలభై రోజుల పిల్లలు రెడీ” అని స్టేటస్ పెడుతున్నారంటేనే ఆ నిబంధన గతి తెలుస్తోంది.

అయితే తప్పంతా డాబా మీద రెండు కుక్కలు పెంచి అమ్ముకునే వాళ్ల మీద నెట్టేయలేం. “పోయిన ఈతలో ఒకదానికి తుంటి సమస్య వచ్చింది, అందుకే ఆ మగదాన్ని మార్చాను” అని ఎవరైనా నిజం చెబితే మనం దండం పెట్టి పక్క వీధిలో గ్యారంటీ ఇచ్చేవాడి దగ్గరికి పోతున్నాం. నిజం చెప్పినవాడి బేరం పోతుంటే ఇంకొకరు నోరు తెరుస్తారా?

కాబట్టి ఈసారి పిల్లకంటే ముందు తల్లిని చూపించమనండి, నడిపించమనండి. తల్లిదండ్రులిద్దరి తుంటి ఎక్స్‌రేలు, కంటి పరీక్ష కాగితాలు అడగండి. ఇంతకు ముందు ఈతల పిల్లలు ఎవరి ఇళ్లలో ఉన్నాయో కనుక్కుని వాళ్లతో మాట్లాడండి. ఒక లోపం ఉందని ఒప్పుకున్నాయన నాలుగు వేలు ఎక్కువ చెప్పినా అక్కడే కొనండి. రేపు మీ కుక్కకు ఏదైనా తేలితే డబ్బులు వాపసు రాకపోయినా సరే, అమ్మినాయనకు ఫోన్ చేసి ఆ రిపోర్టు పంపండి. ఆ జంటను మళ్లీ కలపాలో వద్దో తేల్చుకోవడానికి ఆయన చేతిలో ఉండేది అదొక్కటే.