తోడేలు తిరిగొచ్చింది... కుక్క కాపలాకెక్కింది!

జూన్‌లో కొండల మీద మంచు కరిగేసరికి మోంటానా, వయోమింగ్, ఐడహో రాష్ట్రాల్లో పశువుల మీద బతికే కుటుంబాలు మందల్ని పైకి తోలుతాయి. తల్లీతండ్రీ గుర్రాల మీద, వెనకబడ్డ దూడల్ని అదిలిస్తూ పిల్లలు. చలికాలం చివర్లో, అర్ధరాత్రుళ్లు టార్చిలైటు పట్టుకుని ఇంటిల్లిపాదీ దగ్గరుండి ఈనించిన దూడలవి. మళ్లీ అక్టోబరులోనే కిందికి దిగేది. ఈలోగా లోయలో గడ్డి కోసి, ఎండబెట్టి, చలికాలానికి దాచుకోవాలి. ఏడాది సంపాదనంతా మంచు పడే ముందు అమ్మే దూడల మీదే ఆధారపడి ఉంటుంది.

పైన మేసే నేల చాలావరకు ప్రభుత్వానిది. ఒక ఆవూ దాని దూడా నెలరోజులు మేస్తే 2024లో కట్టాల్సిన రుసుము 1.35 డాలర్లు. కారుచవకే! కానీ అక్కడ మైళ్లకొద్దీ అడవి, బండలు, వాగులు. తోడేళ్లు, గ్రిజ్లీ ఎలుగులు, ప్యూమాలు తిరిగే చోటు. దూడ చనిపోతే కళేబరం దొరకాలి, దాన్ని చంపింది ఫలానా జంతువని అధికారులు తేల్చాలి. అప్పుడే పరిహారం. అంత అడవిలో చాలా దూడల ఆనవాళ్లే దొరకవు. మంద దిగొచ్చాక లెక్కలో తక్కువ పడతాయంతే.

మూడు తరాల కిందట ఈ భయం లేదు. ప్రభుత్వమే వేటగాళ్లను పెట్టి, ఉచ్చులు పన్ని, విషం పెట్టి తోడేళ్లను తుడిచిపెట్టింది. ఎల్లోస్టోన్ పార్కులో మిగిలిన ఆఖరి తోడేళ్లను 1926లో చంపేశారు. అప్పట్నుంచి పశువుల్ని కొండమీద వదిలేసి, అప్పుడప్పుడూ చూసొస్తే సరిపోయేది. 1972లో అధ్యక్షుడు నిక్సన్ ప్రభుత్వ భూముల్లో విషప్రయోగాన్ని నిషేధించారు. 1995, 96ల్లో కెనడా నుంచి 31 తోడేళ్లను తెచ్చి ఎల్లోస్టోన్‌లో వదిలారు. వేసవి సెలవులకు వెళ్లే మన తెలుగు కుటుంబాలు లామర్ లోయలో టెలిస్కోపులు పెట్టుకుని ఆశగా వెతికేది వాటి సంతతినే. అడవికి అది మంచే చేసింది, సందేహం లేదు. అయితే పార్కు హద్దు తోడేలుకు తెలియదు. హద్దు అవతల ఉన్న కుటుంబానికి మాత్రం తోడేళ్ల మధ్య పశువుల్ని మేపిన అనుభవం లేదు, నేర్పే పెద్దలూ లేరు.

ఆ విద్య తోడేళ్లు ఏనాడూ కనుమరుగుకాని చోట్ల బతికే ఉంది. ఇటలీలోని అబ్రుజో కొండల్లో, బాల్కన్లలో, టర్కీ పీఠభూమిలో గొర్రెల కాపరులు పెద్ద పెద్ద కాపలా కుక్కల్ని మందతోనే పెంచుతూ వచ్చారు. 1970ల చివర్లో మసాచుసెట్స్‌లోని హాంప్‌షైర్ కాలేజీకి చెందిన రేమండ్, లోర్నా కాపింజర్ దంపతులు యూరప్, టర్కీల నుంచి అలాంటి కుక్కల్ని తెచ్చి, వాటి సంతానాన్ని అమెరికా రైతులకిచ్చారు. వెయ్యికి పైగా కుక్కల్ని అలా పంచి, వాటి నడతను ఏళ్ల తరబడి గమనించారు. మందను అంటిపెట్టుకుని ఉండటం, మందకు హాని చేయకపోవడం, మంద జోలికొచ్చినదాన్ని అడ్డుకోవడం- కాపలా కుక్కకు ఈ మూడూ ఉండాలని తేల్చారు. పోట్లాటలో నేర్పు ఆ లెక్కలోనే లేదు.

అసలు సంగతంతా పెంపకంలోనే ఉంది. పాలు మరిచిన కుక్కపిల్లను ఎనిమిది వారాలకే దూడల మధ్య వదలాలి. పుట్టిన పదహారు వారాల్లోపు ఏ జీవులతో కలిసి మెలిసి ఉంటే వాటినే తనవాళ్లనుకుంటుంది. బోర్డర్ కోలీ లాంటి మందతోలే కుక్క గురిపెట్టి చూస్తుంది, పొంచుతుంది, తరుముతుంది. వేటలోని మొదటి మెట్లే అవన్నీ. కాపలా కుక్కలో ఆ వేట బుద్ధి దాదాపు నిద్రాణంగా ఉంటుంది. అలాగని వదిలేస్తే కుదరదు. ఏడాది వయసులో అది దూడ చెవులు కొరుకుతుంది, ఆటకని తరుముతుంది. అప్పుడు మనిషి అక్కడుండి వారించాలి. రెండేళ్లు నిండితేగానీ పూర్తిగా నమ్మలేం. ఆ తర్వాత పగలు మగతగా పడుకుని, రాత్రంతా మొరుగుతూ, హద్దుల్లో తన వాసన వదులుతూ తిరుగుతుంది. తోడేలు కనిపిస్తే మందకూ దానికీ మధ్య నిలబడుతుంది. చాలాసార్లు తోడేలు వెనక్కి తగ్గుతుంది. గాయపడితే తిండి సంపాదించుకోలేనని దానికీ తెలుసు.

గొర్రెల దగ్గర ఇది తేలిక. గొర్రెలు గుంపుగా ఉంటాయి. ఆవులు కొండంతా చెదిరి మేస్తాయి. పైగా కొత్తగా ఈనిన ఆవుకు కుక్కా తోడేలూ ఒకటే, కొమ్ము విసురుతుంది. అందుకే దొడ్డిలో చిన్నప్పట్నుంచే కుక్కనూ దూడల్నీ కలిపి పెంచాలి. మిషిగన్ ఉత్తర భాగంలోని పశువుల ఫారాల్లో పరిశోధకులు గ్రేట్ పిరనీస్ అనే కాపలా జాతి కుక్కపిల్లల్ని ఇలాగే పెంచి చూశారు. కుక్కలున్న ఫారాలకు తోడేళ్లు దూరంగా ఉన్నాయి, జింకలు కూడా. ఆ రాష్ట్రంలో జింకలు పశువులకు క్షయ అంటించే ప్రమాదముంది కాబట్టి రైతుకది అదనపు లాభం.

రాకీ పర్వతాల్లో కుక్క ఒక్కటే సరిపోదు. ఎల్లోస్టోన్ ఉత్తరాన టామ్ మైనర్ లోయలో మనుషులు గుర్రాల మీద మంద వెంటే తిరుగుతూ ఆవుల్ని దగ్గరగా ఉంచుతారు. ఈనే ఆవులున్న చోట తీగకు ఎర్ర గుడ్డముక్కలు వేలాడదీస్తారు. ఐడహోలోని వుడ్ రివర్ ప్రాంతంలో గొర్రెల మందలకు కుక్కలు, దీపాలు, మనుషుల కాపలా కలిపి ఏడేళ్లు పరీక్షించారు. ఇవేవీ లేని పక్క ప్రాంతంలో నష్టం మూడున్నర రెట్లు ఎక్కువని 2017లో అచ్చయిన అధ్యయనం చెప్పింది.

కుక్కలకూ ప్రాణగండం ఉంది. తోడేళ్ల గుంపు ఒంటరి కుక్కను చంపేస్తుంది. అందుకే జట్టుగా ఉంచుతారు, మెడకు ముళ్ల పట్టీ కడతారు. హిమాచల్‌లో గద్దీ కాపరులు తమ కుక్కలకు కట్టే ఇనుప పట్టీ కూడా ఇలాంటిదే. అనంతపురం, మహబూబ్‌నగర్ మెట్టల్లో తోడేళ్లు ఇప్పటికీ ఉన్నాయి. రాత్రి చేలో మంద పెట్టి, కుక్కను పక్కన పెట్టుకుని కునుకుతీసే మన కాపరులకున్న తెలివిడిని ఇప్పుడే రాసి దాచుకోవాలి.

2022 వ్యవసాయ గణన ప్రకారం అమెరికా రైతుల సగటు వయసు 58.1 ఏళ్లు. అరవై దగ్గరపడ్డ మనిషి ఈ వసంతంలో ఓ కుక్కపిల్లను దూడల్లో వదిలితే, మూడో వేసవికిగానీ అది నమ్మకంగా మంద వెంట కొండెక్కదు. అంతదాకా రోజూ పొద్దున్నే దొడ్డిలోకెళ్లి దాని నడత చూడటం, తప్పుచేస్తే సరిదిద్దడం ఆ ఇంట్లో ఎవరో ఒకరి పని.