చీనా వాఙ్మయమునకు డిజిటల్ గ్రంథాలయము

వేలయేండ్ల నాటి చీనా గ్రంథములను, ఇటీవలి నవలలను గూడ కంప్యూటరు నందు భద్రపఱచి, ఎచ్చట నున్నవారికైనను చదువుకొన వీలగునట్లు చేయుచున్న ప్రయత్నమును గూర్చి నేడు ముచ్చటింపదలచితిని. పుస్తకమునకు ఛాయాచిత్రములు తీసినచో పని తీఱిపోవును గదా యని పలువురు తలతురు. అది మొదటి మెట్టు మాత్రమే.

ఈ పని యేల యవసరమయ్యెనో ముందుగా చూతము. యుంగ్‌లో చక్రవర్తి యాజ్ఞచే రెండువేలకు పైబడిన పండితులు 1408 నాటికి ఒక మహాసంగ్రహమును కూర్చిరి. దాని సంపుటములు 11,095. అంతయు చేతివ్రాతయే. పదునాఱవ శతాబ్దమున దానికి మఱియొక ప్రతి వ్రాయించిరి. మూలప్రతి కాలక్రమమున కనబడకుండ పోయినది. రెండవ ప్రతిలో కొంత దొంగల పాలైనది. 1900లో బీజింగు నగరమున జరిగిన పోరాటములో మఱికొంత యగ్నికి ఆహుతియైనది. నేడు మిగిలినవి సుమారు నాలుగువందల సంపుటములు. అవియు పలుదేశముల భాండాగారములందు చెదరియున్నవి.

తరువాత చియెన్‌లుంగు చక్రవర్తి 1773లో అంతకు మించిన సంగ్రహమును ప్రారంభింపజేసెను. అందు మూడువేలకు పైగా గ్రంథములు గలవు. ఒక్కొక్క ప్రతికి ముప్పదియాఱువేల సంపుటములు. ఈతడు ఏడు ప్రతులు వ్రాయించి యేడుచోట్ల నుంచెను. మంచి యుపాయమే! ఒకటి 1860లో ఆంగ్ల, ఫ్రెంచి సేనలు వేసవి రాజభవనమును తగులబెట్టినపుడు కాలిపోయినది. రెండు అంతఃకలహములో నశించినవి. అయినను గ్రంథము నిలిచినది. బీజింగు రాజభవనపు ప్రతి యిప్పుడు తైపేయి నగరమున నున్నది. ఈ సంగ్రహమునకు 1999లో హాంకాంగునందు డిజిటల్ రూపము వెలువడినది. దాదాపు 80 కోట్ల అక్షరములలో ఏ మాట యెచ్చట నున్నదో క్షణమాత్రమున తెలిసికొనవచ్చును. పూర్వము దీనికొక పండితుని జీవితకాలము చాలెడిది కాదు.

ఇక్కడనే యొక చిక్కు గలదు. చియెన్‌లుంగు మంచూవంశజుడు, ఉత్తరమునుండి వచ్చి చీనాను జయించినవారి సంతతి. గ్రంథములను కూర్చుచునే, తనకు గిట్టని రెండువేలకు పైబడిన గ్రంథములను నిషేధించి పెక్కింటిని కాల్పించెను. ఉంచిన వానిలోను తన పండితులచే మాటలు మార్పించెను. పండ్రెండవ శతాబ్దపు సేనాని యుయె ఫెయ్ రచించినదని ప్రసిద్ధిగన్న గీతమున ఉత్తరదేశపు శత్రువులను తూలనాడిన పదములుండగా, ఈ సంగ్రహములో వానిని తొలగించి వేఱు పదములు చేర్చిరి. ఒక్క ప్రతియందలి మార్పు ఆ ప్రతికే పరిమితము. డిజిటల్ గ్రంథాలయమున చేరిన మార్పో, లోకమంతట చదువరులకు అదియే మూలమైపోవును.

మా గురువుగారు తాళపత్రములను పరిష్కరించునపుడు, తప్పని తోచినదానిని గూడ దిద్దక, ప్రక్కన పాఠాంతరముగా గుర్తింపుమని చెప్పెడివారు. మంచి చీనా గ్రంథాలయములు చేయుచున్న పని యిట్టిదే. చైనీస్ టెక్‌స్ట్ ప్రాజెక్టు అను గ్రంథాలయమున పెక్కు గ్రంథములకు ఒకవైపు పాతపుటయొక్క ఛాయాచిత్రము, వేఱొకవైపు అక్షరపాఠము కనబడును. చదువరి రెంటిని పోల్చి, తప్పున్నచో సవరింపవచ్చును.

తప్పులు లేకుండుట యెట్లు సాధ్యము? ఛాయాచిత్రమును చూచి అక్షరమును గుర్తించు యంత్రము గలదు గాని, చీనాలిపి దానిని ముప్పుతిప్పలు పెట్టును. 'తాను', 'ఇదివఱకే' యను మాటలకును, సర్పసంవత్సరపు గుర్తునకును గల మూడక్షరములలో భేదము, ఒక గీత కొన యెంత పైకి పోయినదను దొక్కటే. మన థ, ధలలో చుక్క చెదిరినచో ఎట్లుండునో యూహింపుడు! పైగా 1716 నాటి కాంగ్‌షీ నిఘంటువునందు 47,035 అక్షరములు గలవు. 1980లో బీజింగు ప్రభుత్వము కంప్యూటరులకై నిర్ణయించిన పట్టికలో నున్నవి 6,763 మాత్రమే. పట్టికలో లేని యక్షరమునకు ఖాళీచోటు విడువవలసివచ్చెడిది. ఇప్పటి సార్వదేశిక పట్టికలో చీనాక్షరములు తొంబదివేలకు మించినవి. లిపిని సులభపఱచుట 1956లో మొదలైనది. అపుడు 'తరువాత' అను నర్థముగల క్లిష్టాక్షరమును విడిచి, 'రాణి' యను సులభాక్షరమునే రెండర్థములకును వాడిరి. కొత్తలిపిని పాతలిపికి మార్చు యంత్రము, ఏది రాణియో యేది తరువాతయో తెలియక తికమకపడును. అచ్చట మనుష్యుడు కూర్చుండి చదువవలసినదే.

తైపేయిలో 1998లో నెలకొనిన యొక సంస్థ పెక్కు బౌద్ధ గ్రంథములను ఇట్లు సిద్ధపఱచి ఉచితముగా నొసగుచున్నది. ఇందు మనకును పాలున్నది. ఆచార్య నాగార్జునుడు శాతవాహనరాజునకు వ్రాసెనని చెప్పబడు 'సుహృల్లేఖ'కు చీనా యనువాదములు మూడు గలవు. వానిలో నొకటి యాత్రికుడైన ఇత్సింగుది. ఆ లేఖను నేడు రుసుము లేకయే చదువవచ్చును.

నవీన వాఙ్మయపు కష్టము వేఱు. అచట అక్షరముకన్న హక్కు అడ్డము. చీనాచట్టము ననుసరించి రచయిత మరణించిన ఏబది సంవత్సరములవఱకు అనుమతి కావలెను. 1936లో మరణించిన లూ షున్ రచనలు ఎన్నడో స్వేచ్ఛపొందినవి. 1966లో గతించిన లావ్ షె రచనలు 2017 ప్రారంభమున పొందినవి. జీవించియున్న మో యాన్ వంటివారి రచనలకు అనుమతి తప్పదు. ఇది న్యాయమే, రచయితయు భుజింపవలెను గదా!

అయితే, నవీనమైనది గావున భద్రముగా నున్నదనుకొనరాదు. ఒకే యింట నాలుగు తరములవారు జపానువారి యాక్రమణలో పడిన పాట్లను లావ్ షె పెద్దనవలగా వ్రాసెను. దాని చివరి పదుమూడు ప్రకరణములు అచ్చు కాకమునుపే, సాంస్కృతిక విప్లవకాలమున వ్రాతప్రతి నశించినది. అదృష్టవశమున, గ్రంథకర్త సాయముతో చేయబడి 1951లో అమెరికాలో వెలువడిన ఆంగ్ల సంక్షేపము మిగిలెను. దానినుండి ఆ భాగమును తిరిగి చీనాభాషలోనికి తెచ్చిరి. తరువాత 2014లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయ భాండాగారమున, అంతకంటె సమగ్రమైన ఆంగ్లానువాదపు వ్రాతప్రతి దొరకినది. ఇప్పుడు చీనావారు ఆ నవలను తుదివఱకు చదువగలుగుచున్నారు. కాని యా చివరి ప్రకరణములలోని కథ లావ్ షెది, మాటలు అనువాదకులవి.