మూసలను శుభ్రపఱచుట

మూసయను మాట మన విద్యార్థులలో అనేకులకు సామెతల గ్రంథమువలనను, కంసాలి కొట్లవలనను ముందే పరిచితము. కంసాలి తన మట్టిమూసను కడుగడు. అది పాతపడినప్పుడు పగులగొట్టి, నూరి, నీటిలో కడిగి, అందంటియున్న బంగారు రేణువులను ఏరుకొనును. నిజామాబాదు ప్రాంతమందలి కోనసముద్రమున పూర్వము ఉక్కు కాచిన పనివారును మూసను పగులగొట్టియే ఉక్కుముద్దను వెలికిదీసిరి. మన ప్రయోగశాలలోని పింగాణిమూసకు అట్టి గతి పట్టింపరాదు. అది లోహమును కాల్చుటకేకాక తూనికకు సాక్ష్యము చెప్పుటకును ఉద్దేశింపబడినది. దానిలో నిన్నటి లోహము మిగిలియున్నచో నేటి సాక్ష్యము చెడును.

ఈ సంగతిని మేము కొంత సిగ్గుతో నేర్చుకొంటిమి. ఒక సంవత్సరము పదవ తరగతివారిచే మెగ్నీషియము తీగెను మూసలో కాల్పించుచుంటిమి. 24 పాళ్ల మెగ్నీషియము 16 పాళ్ల ఆక్సిజనుతో గూడి 40 పాళ్ల తెల్లని భస్మమగును గనుక, 0.24 గ్రాముల తీగెకు 0.40 గ్రాముల భస్మము రావలెను. ఒక బాలుడు 0.42 అని వ్రాసెను. ప్రక్కవాడు సరిగా 0.40 అని వ్రాసెను. మేము ప్రక్కవానిని మెచ్చుకొని, మొదటివానికి తూచుట చేతకాదని అందఱి యెదుట మందలించి, వాని అంకెను ఎఱ్ఱసిరాతో కొట్టివేసితిమి. ఆ బాలుడు మాఱుపలుకక కూర్చుండెను.

ఈ ప్రయోగమున తప్పు సాధారణముగా తక్కువవైపునకే పోవును. మూత యెత్తినప్పుడెల్ల తెల్లని పొగ కొంత ఎగిరిపోవుటయే దానికి కారణము. ఎక్కువ వచ్చినప్పుడే మేము ఆగి ఆలోచింపవలసియుండెను. సాయంకాలము మూసలను సర్దుచుండగా ఆ బాలుని మూస అడుగున, తెల్లని భస్మము క్రింద, నల్లని పొర కనబడెను. కొంచెము సజల నత్రికామ్లము పోసి వెచ్చజేయగా ద్రవము నీలివన్నె దాల్చెను. అమ్మోనియా చాలినంత కలుపగా ముదురునీలమయ్యెను. అది రాగి యనుటకు వేఱు సాక్ష్యమక్కఱలేదు. అంతకుముందు మఱియొక తరగతివారు ఆ మూసలోనే రాగి ఆక్సైడును బొగ్గుపొడితో కాల్చి, రాగిని తీసి, అడుగంటినదానిని వదలిపెట్టియుండిరి. 64 పాళ్ల రాగి 16 పాళ్ల ఆక్సిజనును గ్రహించును. 0.08 గ్రాముల రాగి యున్నచో 0.02 గ్రాములు పెరుగును. బాలుని లెక్కలో ఎక్కువైనదియు అంతయే. ఖాళీ మూసను ముందుగా ఎఱ్ఱగా కాల్చి తూచుడని మేము చెప్పియున్నచో ఆ పెరుగుదల మొదటి తూనికలోనే చేరి, చిక్కు కలుగకుండెడిది. మఱునాడు అడుగగా, ప్రక్కవాడు 0.40ను పుస్తకమునుండి దించితినని ఒప్పుకొనెను. మేము తరగతి యెదుటనే మొదటివాని పుస్తకము తెప్పించి, కొట్టివేసిన అంకెను మరల వ్రాసి సంతకము చేసితిమి.

ఇక శుభ్రపఱచు విధము. మూస పూర్తిగా చల్లారినపిమ్మట, వదులుగానున్నదానిని కఱ్ఱపుల్లతో గీకి తీయవలెను. కత్తితో గీకినచో నునుపైన పూత చెడి, ఆ గీతలలోనే మఱునాటి లోహము చిక్కుకొనును. పిదప వేడినీటితో కడిగి, దానికిని లొంగని దానికి మాత్రమే ఆమ్లము వాడవలెను. ఉపాధ్యాయుడు దగ్గఱనుండగా, కిటికీలు తెఱచి, కండ్లకు అద్దములు ధరించి, ఆమ్లమునే నీటిలో పోయవలెను. నీటిని ఆమ్లములో పోయరాదు. నత్రికామ్లము లోహమును కరగించునప్పుడు వెలువడు గోధుమవన్నె వాయువు ఊపిరితిత్తులకు హానికరము.

ఏ లోహమునకు ఏ ఆమ్లమో తెలిసికొనుట ముఖ్యము. రాగి, వెండి, సీసములకు సజల నత్రికామ్లము తగును. వెండి కరగిన ద్రవములో హైడ్రోక్లోరిక్ ఆమ్లము పోసినచో పెరుగువంటి తెల్లని మడ్డి యేర్పడి పని రెట్టింపగును. తగరమునకు దీనికి విపర్యయము: నత్రికామ్లమువలన కరగని తెల్లని పొడి యగును గనుక హైడ్రోక్లోరిక్ ఆమ్లమే కావలెను. ఇనుపతుప్పు మరకలును వెచ్చని హైడ్రోక్లోరిక్ ఆమ్లమునకే లొంగును.

సీసమును గూర్చి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. మన పల్నాటిలో బండ్లమోటు కొండలయందు సీసపుఖనిజము కలదు. అట్టి మెఱయు నల్లరాతిని సంచిలో వేసికొనివచ్చి, కాల్చి చూతమని అడుగు బాలురు అప్పుడప్పుడు కనబడుదురు. వారి ఉత్సాహము మాకు ప్రీతికరమే గాని పింగాణిమూసలో దానిని కాల్పనీయము. సీసము 327 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే కరగును. గాలిలో కాలగా నేర్పడు దాని ఆక్సైడు, ఎఱ్ఱని వేడిమియందు పింగాణిపూతలోని సిలికాతో గూడి గాజగును. ఆ గాజు మూసకు అతుకుకొనిన మరక కాదు, మూసలోని భాగమే. పైని చెప్పిన ఆమ్లములతో దానిని కడిగి మూసను బాగుచేయజాలము. అట్టి మూసను తూనికపనికి మరల వాడరాదు. ప్రతి సంవత్సరము క్రొత్త మూసలేల యని తల్లిదండ్రులడుగుటకు ఇదియొక సమాధానము.

సీసము కడిగిన నీటిని కాలువలో గాని, నూతిదాపున గాని పాఱబోయరాదు, సీసము విషము. అందు చాకలిసోడాను కొంచెము కొంచెముగా, పొంగుట ఆగువఱకు వేసి, తెల్లని మడ్డి పేరుకొనినపిమ్మట దానిని పేరు వ్రాసిన సీసాలో భద్రపఱచవలెను.

కడపటి కడుగుడు బట్టిపట్టిన నీటితోనే జరుగవలెను. మనది సున్నపురాతినేల. నూతినీరు ఆఱినచోట తెల్లని చాఱ నిలుచును, ఆ చాఱకును బరువు కలదు. పిమ్మట మూసను ఎఱ్ఱగా కాల్చి, తేమ తగులని పాత్రలో చల్లార్చి తూచి, మరల కాల్చి తూచవలెను. రెండు తూనికలు ఒక్కటియైనప్పుడే మూస శుభ్రమైనదని మా ప్రయోగశాలలో ఎంచుదుము.